తొండ మీద గాజు మూత

మీ ఇంట్లో మూఢురాలని ముద్ర వేసి మీరు నోరు మూయించిన మనిషి ఎవరు? తొందరపడి ఎవరూ లేరనకండి. ఉంటారు. అమ్మో, అత్తో, మేనత్తో. ఆమె ముఖం ఒకసారి గుర్తు చేసుకుని, ఆ తర్వాత ఇది చదవండి.

నాకు ఆ మనిషి మా అక్క. నేను చేసిన తప్పును ఆమె నెత్తిన పెట్టాను. పెట్టి ఆరేళ్ళవుతోంది. ఈ ఆరేళ్ళలో ఎన్ని సభల్లో మాట్లాడానో, ఎన్ని వ్యాసాలు రాశానో నాకే లెక్క తెలియదు. ప్రతిచోటా నేను ఎదుటివాణ్ణి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: రుజువేది? ఆ ప్రశ్న నోరు దాటిన ప్రతిసారీ మా అక్క గుర్తొచ్చేది. పైకి కనపడనిచ్చేవాణ్ణి కాదు. గొంతు ఇంకాస్త పెంచేవాణ్ణి. ఆ గొంతులో వేడి చూసి చప్పట్లు కొట్టినవాళ్ళలో మీరూ ఉండి ఉంటారు. అందుకే మీకు చెబుతున్నాను.

కింద పేరు పెట్టడం లేదు. పిరికితనమేనా? కొంత అదే. కానీ చివరిదాకా చదివితే నేనెవరో మీకు తెలిసిపోతుంది. తెలిసేలాగే రాస్తున్నాను.

మేం ఉండేది కార్ఖానా అనే బస్తీలో. మా అమ్మాయి సమత. అది మాటలు నేర్చేలోపే దాని తల్లి జబ్బు చేసి పోయింది. మా అక్క రుక్కమ్మ అప్పటికే భర్త పోయి, పిల్లలు లేక, బన్సీలాల్‌పేట్‌లో మరిది ఇంట్లో ఉండేది. కబురు పెట్టగానే ఒక ట్రంకుపెట్టె, ఒక దేవుడి పటాల మూట పట్టుకుని వచ్చేసింది. సమతను పెంచింది ఆమె. నేను పుస్తకాలు కొన్నాను, ఫీజులు కట్టాను, డాబా మీద నిలబెట్టి నక్షత్రాలు చూపించాను. పిల్ల ఒళ్ళు కాలుతుంటే నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఆమె. పిల్లను హేతుబద్ధంగా పెంచానని సభల్లో చెప్పుకున్నప్పుడు ఆ తడిగుడ్డ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు.

ఇంట్లో మాకో ఒప్పందం ఉండేది. హాల్లో ఒక గోడ గూడు అక్కది, మిగతా ఇల్లు నాది. ఆమె గూట్లో దీపం పెట్టుకునేది. నేను ముందుగదిలో కూచుని దేవుడు లేడని రాసుకునేవాణ్ణి. ఇద్దరి చాయ్ ఆమే పెట్టేది.

సమత ఇంటర్ చదివేటప్పుడు దాని స్నేహితురాలి కుటుంబం ఊరు మారుతూ, కాగితాలన్నీ సరిచేసి, తమ పెంపుడు జంతువును దీనికిచ్చి వెళ్ళింది. బియర్డెడ్ డ్రాగన్ అంటారు. ఆస్ట్రేలియా ఎడారిది. మన తొండకు దూరపు చుట్టం. మూరెడు పొడవు, ఇసుక రంగు, గొంతు కింద ముళ్ళముళ్ళ గడ్డం. కోపమొస్తే ఆ గడ్డం నల్లబడేది. సమత దానికి చిచ్చా, అంటే చిన్నాన్న, అని పేరు పెట్టింది.

అక్క మొదటిరోజు నడుం మీద చెయ్యేసుకుని దాని చుట్టూ తిరిగి చూసింది.

"గీ తొండకు గడ్డమేందే? అచ్చం మీ నాయిన లెక్కనే ఉన్నది."

"అందుకే చిచ్చా అన్న, అత్తమ్మా," అంది సమత.

సమత దానికి ఇల్లు కట్టిన తీరు చూసి నాకు గర్వంగా ఉండేది. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించింది. ముందు జరిపే తలుపు, పైన ఇనుప జాలీ. ఒక చివర వేడి బల్బు, దాని కింద వెచ్చగా కాచుకోవడానికి బండరాయి. రెండో చివర నీడ, దూరి పడుకోవడానికి పగిలిన కుండ ముక్క. జాలీ మీద యూవీబీ ట్యూబు. "ఎండలో మన కంటికి కనపడని కిరణం ఒకటుంటది నాన్నా, అది ఒంటికి తగిల్తేనే దీనికి విటమిన్ డి తయారైతది, అప్పుడే తిన్న కాల్షియం ఎముకకు వడ్తది" అని నాకే పాఠం చెప్పింది. రాయికీ ట్యూబుకూ మధ్య దూరం టేపు పెట్టి కొలిచింది. మరీ దగ్గరైతే కళ్ళు మాడతాయట, మరీ దూరమైతే దండగట. ట్యూబు నడినెత్తినే ఉండాలట, పక్క నుంచి కొడితే కళ్ళలో పడుతుందట. పొద్దున వెలిగి సాయంత్రం ఆరిపోయేలా టైమరు. రాత్రంతా చీకటి. చూశారా, నా కూతురు కొలిచి చేస్తోంది, అని స్నేహితులకు చూపించుకున్నాను.

అక్క మాత్రం ఆ ట్యూబు వైపు చూసి, "వంటింట్ల లైటు కొట్టుకుంటుంటె పట్టించుకునెటోడు లేడు గని, గీనికి ఎండ కొనుక్కొచ్చిన్రు" అంది.

చిచ్చాకు తల ఊపే అలవాటుంది. మగ తొండలన్నీ చేసే పనే. అక్క గూట్లో దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటుంటే, ఎదురుగా పెట్టెలో అది టపటపా తల ఊపేది. కొన్నాళ్ళు ఓర్చుకుంది.

"నేను దేవునికి మొక్కుతుంటె నడుమల ఇది అవునవునంటది రా! నేను అడుగుతున్నది దేవున్నా, గీ తొండనా?"

సమత పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఉపన్యాసం దొరికింది. బల్లి మీద పడితే ఒక ఫలితమనీ, తొండ తల ఊపితే ఇంకో ఫలితమనీ మనిషి భయాన్ని ఎట్లా శాస్త్రంగా మార్చుకున్నాడో అన్నం తింటున్నంతసేపూ చెప్పాను. అక్క అంతా విన్నది. ఇంకో ముద్ద పప్పు వేసింది. మర్నాటి నుంచి దీపం పెట్టేముందు పెట్టె లైటు ఆర్పి, పాత పసుపు పంచె ఒకటి దాని మీద కప్పి, మొక్కుకోవడం అయ్యాక తీసేసి లైటు వేసేది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. చిచ్చాకు ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది నా పరువుకు. నా ఇంట్లో, నా కళ్ళెదుట, ఆ పసుపు గుడ్డ! ఇంటికొచ్చిన మా హేతువాద సంఘం మిత్రులు దాన్ని చూసి ఒకరి ముఖాలొకరు చూసుకునేవాళ్ళు. ఆ చూపులు నాకు గుచ్చుకునేవి.

సమత డిగ్రీకి ఊరి అవతలి చివర హాస్టల్లో చేరింది. ఆదివారాలు వచ్చేది. చిచ్చాను చూసుకునే పని నాకొచ్చింది. అది తినేవి కీచురాళ్ళు. డబ్బాలో కొనుక్కొచ్చి పెట్టెలో వదలాలి. వాటిలో చిన్నవి జాలీ కన్నాల్లోంచి పాకి బయటపడేవి. బీరువా వెనక ఒకటి, పుస్తకాల అరలో ఒకటి. నేను రాయడానికి కూచోగానే మొదలుపెట్టేవి. వాక్యం మధ్యలో కూత. కొన్ని వారాలు భరించి, ఒకరోజు జాలీ కొలత రాసుకుని రాంగోపాల్‌పేట్‌లో గాజు పలకలు కోసే దుకాణానికి వెళ్ళాను.

"దేనికి సార్?" అన్నాడు దుకాణదారు.

"తొండ పెట్టెకు మూత."

"అరే, తొండకు సుత షోకేసా సార్!"

పలక తెచ్చి జాలీ మీద పరిచాను. ట్యూబును మళ్ళీ దాని మీద పెట్టాను. ముందు తలుపు సందుల్లోంచి గాలి ఆడుతుంది, ఇబ్బంది లేదనుకున్నాను. స్విచ్చి వేశాను. వెలుగు ఎప్పట్లాగే ఉంది. ఇసుక మెరుస్తోంది. చిచ్చా రాయెక్కి కూచుంది. ఇల్లు నిశ్శబ్దమైంది. నేను వెళ్ళి వ్యాసం పూర్తి చేసుకున్నాను.

సమతకు చెప్పలేదు. మర్చిపోయానా? లేదు. చెబితే అది పుస్తకం తెరుస్తుంది, కొలతలంటుంది, వద్దంటుంది. నాకు కీచురాళ్ళ బాధ తీరడం కావాలి. వెలుగు పోతోంది కదా, ఇంకేం కావాలి? కంటికి కనపడని కిరణం ఉందని కూతురు చెబితే తల ఊపాను గానీ, సమయమొచ్చినప్పుడు నేను నమ్మింది నా కళ్ళనే. ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళలో నేను ఎత్తిచూపిన తప్పు సరిగ్గా అదే. ట్యూబు చట్రం పలక అంచుల్ని కప్పేసింది. వంగి వెతికితే తప్ప కనపడదు. ఆదివారాలు సమత ముందు తలుపు జరిపి చిచ్చాను తీసుకునేది. పైకి చూడాల్సిన అవసరం దానికి రాలేదు.

చలికాలం పోయేసరికి చిచ్చా మందగించింది. రాయెక్కడం మానేసింది. ముందుకాళ్ళు వణికేవి. వయసేమో అనుకున్నాను. ఒక ఆదివారం సమత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో దవడ తడిమి, "నాన్నా, ఇది మెత్తగుంది" అంది.

మారేడ్‌పల్లి వైపు పక్షుల్నీ పాముల్నీ చూసే డాక్టరమ్మ ఒకామె ఉంటే ఇద్దరం తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీసి చూపించింది. ఎముకలు పొగ గీతల్లా ఉన్నాయి.

"దీనికి యూవీబీ అందట్లేదండీ. ట్యూబుకీ దీనికీ మధ్యన ఏమన్నా అడ్డం ఉందా?" అంది.

నేను ఆలోచించలేదు. నాలుక చివర సిద్ధంగా ఉన్న జవాబు బయటపడింది. ఉంది, మా అక్క పూజ పేరుతో లైటు ఆర్పి గుడ్డ కప్పుతుంది, అన్నాను. ఎంతసేపు, అని అడిగింది. చాలాసేపు, అన్నాను.

ఆ 'చాలాసేపు' నా మొదటి అబద్ధం. గాజు సంగతి అప్పటికి నాకు తట్టలేదు. అది నిజం. కానీ అక్క గుడ్డ కప్పేది కాసేపేనని నాకు తెలుసు. రోజూ చూసేవాణ్ణి. మరి ఎందుకలా అన్నాను? కారణం నాకు ముందే కావాలి గనక. ఆ పసుపు గుడ్డ ఎప్పటికైనా ఏదో ఒక నేరం చేస్తుందని నేను ఎదురుచూస్తున్నాను గనక. నేరం జరిగింది. నేరస్తురాలు నా దగ్గర ముందునుంచే ఉంది.

ఇంటికొచ్చేసరికి అక్క చాటలో బియ్యం ఏరుతోంది.

"ఏమన్నది రా డాక్టరమ్మ? మందిచ్చిందా?"

"నీ గుడ్డ, అక్కా. నీ గుడ్డతోనే అయింది ఇదంత. దానికి ఎండ అందలే. బొక్కలన్ని మెత్తవడ్డయి."

చాట ఆగింది. "గంతసేపు యాడ కప్పిన రా? దీపం కొండెక్కెదాంక సుత ఉంచలే."

"లైటు బందు వెడ్తివి గద. మల్ల ఎయ్యనీకె ఎన్నిసార్లు మర్సిపోయినవో నీకు యాదికున్నదా?"

అక్క చాట పక్కన పెట్టింది. నేలవైపు చూస్తూ కూచుంది. ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఒక్కో పొద్దునా ఒక్కో సాయంత్రం వెనక్కి తిరిగి వెతుక్కుంటోంది. నా మీద నేరం వేస్తే నేనైతే ముందు అరిచి ఉండేవాణ్ణి. ఆమె తనను తాను తనిఖీ చేసుకుంది. నేను ఊరంతా తిరిగి నేర్పుతానన్న పని ఆ గదిలో ఆమె ఒక్కతే చేసింది.

"యాదికి లేదు రా," అంది చివరికి. "నువ్వు సదువుకున్నోనివి. నువ్వంటున్నవంటె గట్లనే అయ్యుంటది. నేనే చేసిన గావచ్చు."

సమత వైపు తిరిగి "బిడ్డా" అంది. సమత చిచ్చాను ఎదకు ఆనించుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ ఇంట్లో గుడ్డినమ్మకం ఏదైనా ఉంటే, అది నా మాట మీద మా అక్కకున్న నమ్మకం. దాన్ని నేను ప్రశ్నించమనలేదు. అది నాకు పనికొచ్చింది.

రెండోసారి డాక్టరమ్మ దగ్గరకు నేనొక్కణ్ణే వెళ్ళాను. సమతకు పరీక్షలు. పెట్టె ఫోటో తీసుకురమ్మంటే తీసుకెళ్ళాను. ఆమె ఫోనులో దాన్ని పెద్దది చేసి చూసింది.

"పైనిది మెరుస్తోందేంటి? గాజా అండీ?"

అవునన్నాను.

"అయ్యో! మామూలు గాజు వెలుగునంతా పోనిస్తుంది గానీ ఆ కిరణాన్ని ఆపేస్తుందండీ. ట్యూబు ఉన్నా లేనట్టే."

"మరి గుడ్డ?"

"రోజూ కాసేపు చీకటైతే దానికేం కాదు. ఈ గాజు ఎప్పట్నుంచి ఉంది?"

ముందునుంచీ ఉంది, అన్నాను. ఇది రెండో అబద్ధం. మొదటిది ఆవేశంలో అన్నది. ఇది తెలిసి అన్నది.

ఇంటికొచ్చాను. అక్క కూరగాయలకు వెళ్ళింది. ట్యూబు పక్కకు జరిపి, పలక తీసి, పాత దినపత్రికల్లో చుట్టి, సందు చివర చెత్తకుండీలో పడేశాను. తీసేటప్పుడు అంచు గీరుకుని అరచేయి తెగింది. అక్క వచ్చి రక్తం చూసింది.

"ఏం తెగింది రా?"

"బ్లేడు."

కసిరింది. చిన్నప్పటిలాగే కసిరింది. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని పసుపు అద్దింది. చల్లగా ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. నిజం నా నోట్లో ఉంది. చెప్పలేదు. రేపు చెబుతాననుకున్నాను. చిచ్చా కోలుకుంటే చెప్పాల్సిన పనే ఉండదనుకున్నాను.

చిచ్చా కోలుకోలేదు. మందు చుక్కలు వేశాం, ట్యూబు ఇప్పుడు పని చేస్తోంది, కానీ ఆలస్యమైపోయింది. ఎండలు ముదరకముందే పోయింది. డాబా మీద పెద్ద పూలకుండీ మట్టిలో సమత దాన్ని పాతిపెట్టింది. చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరగకుండా, "ఒక్కసారన్న నన్ను అడగాలె గద అత్తమ్మా" అంది. అంతే. ఆ తర్వాత ఆదివారాలు వచ్చినా అక్క వండింది తినేది, ఆమెతో మాట్లాడేది కాదు. నేను వాళ్ళిద్దరి మధ్య కూచుని అన్నం కలుపుకునేవాణ్ణి. గొంతు దిగేది. అదే నాకిప్పుడు ఆశ్చర్యం. ఎట్లా దిగింది?

ఆ ఎండాకాలంలోనే అక్క, మరిది ఇంట్లో పనుందని చెప్పి బన్సీలాల్‌పేట్ వెళ్ళిపోయింది. ఆటో నేనే మాట్లాడాను. ట్రంకుపెట్టె నేనే ఎత్తి పెట్టాను. గూడు ఖాళీ అయింది. మిత్రులు వచ్చి, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉందన్నారు.

ఇక్కడిదాకా చదివి, పొరపాటు చేశాడు, భయపడి దాచాడు, పాపం, అనుకుంటున్నారేమో. ఆ పాపం అన్న మాట వెనక్కి తీసుకోండి. అసలు తప్పు ఇప్పుడు చెబుతాను.

మా సంఘం పత్రిక ప్రత్యేక సంచికకు నన్ను వ్యాసం అడిగారు. మూఢనమ్మకం ఇంట్లోంచే మొదలవుతుందన్నది అంశం. నేను రాసిచ్చింది 'పసుపు గుడ్డ కింద చీకటి.' అవును. అది రాసినవాణ్ణి నేనే. మీలో చాలామంది చదివారు. కొందరు సభల్లో పైకి చదివి వినిపించారు. ఒక చాదస్తపు మేనత్త, ఒక నోరులేని ప్రాణి, రోజుల తరబడి దాని మీద కప్పిన గుడ్డ, కళ్ళముందే కరిగిపోయిన ఎముకలు. 'ఈ ఇంట్లో వెలుగును ఆపింది భక్తి' అన్న వాక్యాన్ని ఎవరో గోడపత్రిక మీద కూడా వేశారు.

ఆ వాక్యం రాసేటప్పటికి వెలుగును ఆపింది ఏమిటో నాకు తెలుసు. గాజు తెలుసు, దుకాణం తెలుసు, నా అరచేతిలో మచ్చ తెలుసు. అన్నీ తెలిసి రాశాను.

ఎందుకు? దీనికి ఆరేళ్ళుగా నాకు నేనొక జవాబు చెప్పుకుంటూ వచ్చాను. ఉదాహరణ తప్పయినా సూత్రం ఒప్పే కదా. మూఢనమ్మకం ప్రాణాలు తీయడం లేదా? తీస్తోంది. వేల ఇళ్ళలో తీస్తోంది. నా ఇంట్లో తీయకపోతే మాత్రమేం? ఈ కథ విని పదిమంది మారితే లాభమే కదా. ఇట్లా అనుకున్నాను. విబూది రాల్చే బాబా ఇంతకంటే వేరే వాదన చేస్తాడా? విబూది జేబులోదైతేనేం, జనానికి ధైర్యం వస్తోంది కదా, అంటాడు. అతన్ని వేదిక మీద నిలదీసి జేబు తిరగేసి చూపించినవాణ్ణి నేను. నా జేబు తిరగేసేవాడు లేడు. నా పక్షంలో అందరూ చదువుకున్నవాళ్ళే. ఎవరూ అడగలేదు. గుడ్డ అనగానే, పూజ అనగానే, మేనత్త అనగానే, మీకూ జవాబు ముందే సిద్ధంగా ఉంది.

నా తప్పు మీ మీదకు నెడుతున్నానా? నెట్టడం లేదు. తప్పు నాది, పూర్తిగా నాది. కానీ అది పెరగడానికి చోటు కావాలి. ఆ చోటు మనందరిదీ.

ఇప్పుడెందుకు చెబుతున్నానో అది కూడా చెప్పాలి. సమతకు పెళ్ళయింది, పాప పుట్టింది. పోయిన నెలలో మా ఇంట్లోనే, మంత్రాలూ ముహూర్తాలూ లేకుండా, పాపకు పేరు పెట్టుకున్నాం. అక్క వచ్చింది. చిక్కిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడింది. సమత ఇన్నేళ్ళకు మెత్తబడినట్టుంది. పాపను తీసుకుని ఎదురెళ్ళి, "ఎత్తుకో అత్తమ్మా" అంది.

అక్క రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"వద్దు బిడ్డా. నా చేతుల వెట్టకు. నా చెయ్యి మంచిది గాదు."

అక్క వెంట వచ్చిన ఆమె తోటికోడలు చెప్పింది, అక్క ఇప్పుడు తులసికోటలో నీళ్ళు కూడా పోయదట. పక్కింటి పిల్లల్ని దగ్గరకు రానియ్యదట. పట్టుకున్నది బతకదని అంటుందట. మా అక్కకు ఈ నమ్మకం ఏ పంచాంగమూ నేర్పలేదు. ఏ పూజారీ నేర్పలేదు. ఒక హేతువాది నేర్పాడు.

ఇంకొకటి కూడా చూశాను. అక్క ఆ మాట అన్నప్పుడు సమత చేతులు, పాపతో సహా, వెంట్రుకవాసి వెనక్కి వచ్చాయి. అది ఆలోచించి చేసింది కాదు. ఒక్క క్షణం. కానీ వచ్చాయి. తనను పెంచిన చేతుల నుంచి తన బిడ్డను వెనక్కి తీసుకుంది నా కూతురు. దానికా భయం నేనిచ్చిందే.

అతిథులు వెళ్ళాక సమతకు అంతా చెప్పాను. గాజు, డాక్టరమ్మ, వ్యాసం. అది ఏడవలేదు, అరవలేదు. పాపను భుజం మీద వేసుకుని చాలాసేపు అటూ ఇటూ నడిచింది. "నాకెందుకు చెప్తున్నవ్ నాన్నా? నీ మనసు తేలిక చేసుకోనీకెనా? ఆమెకు చెప్పు" అంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. ఫోను చేస్తే అల్లుడు ఎత్తుతాడు.

బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. మెట్లబావి దాటాక రెండో గల్లీలో వాళ్ళ ఇల్లు. అక్క అరుగు మీద కూచుని ఉంది. పక్కన కూచుని చెప్పాను. ఎక్కడా తప్పించుకోకుండా చెప్పాను. గుడ్డతో కాదక్కా, నేను పెట్టిన గాజుతో అయింది, నీకు తెల్వకుండ తీసి పారేసిన, తెలిసి తెలిసి నీ మీద రాసిన, అన్నాను. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. కొడుతుందేమోనని కూడా ఆశపడ్డాను.

ఆమె నా మోకాలి మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలో ఆపి, వెనక్కి తీసుకుంది.

"నా పానం నిమ్మలం చెయ్యనీకె చెప్తున్నవ్ రా నువ్వు. నాకెర్క."

"కాదక్కా, నిజంగనే చెప్తున్న."

"మరి పేపర్ల అచ్చు ఏసిన్రు గద రా! మా మరిది కొడుకు చదివి వినిపిచ్చిండు. గంతమంది చదువుకున్నోల్లు చదివిన్రు. అబద్దమైతె ఒక్కలన్న అడగకపోదురా?"

ఆమె లేచి, "చాయ్ పెట్టమంట నా చెల్లెకు, కూసో" అని లోపలికి వెళ్ళింది. చాయ్ తోటికోడలే తెచ్చింది. తాగి వచ్చేశాను.

ఇదంతా రాశాక తేలికగా ఉందా? కొంచెం ఉంది. ఉన్నందుకు సిగ్గుగా ఉంది. సమత అన్నది నిజమే, నేను నా మనసు తేలిక చేసుకోవడంలో నేర్పరిని. మీ క్షమ నాకు వద్దు. ఇవ్వడానికి అది మీది కాదు. అక్క ఇవ్వదు, ఎందుకంటే నేను తప్పు చేశానని ఆమె నమ్మడం లేదు. నా నోటి మాట ఆమెకు చాలదు. ఆమె అడుగుతున్నది అచ్చు. గంతమంది చదువుకున్నోల్ల మాట. అంటే మీ మాట.

కనుక ఇది చదివి పక్కన పెట్టకండి. 'పసుపు గుడ్డ కింద చీకటి' మీరు ఏ సభలో చదివారో ఆ సభ మళ్ళీ పెట్టండి. ఆ వ్యాసం ఏ సంచికలో వేశారో ఆ పత్రికలో ఇది వెయ్యండి. ఎవరికి చదివి వినిపించారో వాళ్ళను వెతికి పట్టుకుని ఇదీ వినిపించండి. నా పేరు చెప్పండి, మొహమాటపడకండి. ఆ వ్యాసంలో ఆమెకు నేను పేరు కూడా పెట్టలేదు, మేనత్త అని ఊరుకున్నాను. ఆమె పేరు రుక్కమ్మ. రుక్కమ్మ ఏ తప్పూ చెయ్యలేదని మైకు ముందు నిలబడి, బన్సీలాల్‌పేట్ దాకా వినపడేలా చెప్పండి.